నిండుకున్న బ్యాంకు

మా మెస్సులో "లేదు" అనే మాట పనికిరాదు. అన్నం గిన్నె అడుగు కనిపించినా, పప్పుచారు ఆఖరి గరిటె అయిపోయినా "నిండుకుంది" అనాల్సిందే. అన్నం పెట్టే చోట లేదనే మాట వినబడితే అరిష్టమని మా అత్తమ్మ పట్టుదల. నాచారం ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసే ఒడిశా వాళ్లు కొందరు, నిండుకుంది అంటే చాలా ఉందనుకొని, ప్లేటు ఇంకాస్త ముందుకు చాపేవాళ్లు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

మెస్సు నడిచేది రోడ్డు పక్కన ఒక అద్దె మల్గిలో, అంటే దుకాణపు గదిలో. ఇటు రేకుల వంటగది, అటు నాలుగు బల్లలు. ఓనరు దాన్ని అమ్మేస్తానన్నాడు. ఎవరో సెల్‌ఫోన్ల దుకాణం పెడతామని అడుగుతున్నారట. అత్తమ్మకు ఆ మల్గి కొనాలని ఎప్పటినుంచో ఆశ. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీల గోడల లోపల మావాళ్ల జొన్నచేలు ఉండేవి. భూమి పోయాక ఆమె తన చేత్తో నిలబెట్టింది ఈ మెస్సు ఒక్కటే.

"గీ మల్గి మనదైతే మనల్ని ఎవ్వడు లేవగొట్టడు బిడ్డా" అనేది.

బయానాకు, అంటే ముందుగా ఇచ్చే అడ్వాన్సుకు, కావలసిన డబ్బు ఉప్పల్‌లోని ఒక చిన్న సహకార బ్యాంకులో ఉంది. నాలుగు లక్షల చిల్లర. పెద్ద బ్యాంకుకు పోతే ఆ కాగితం, ఈ కాగితం అని తిప్పుతారు. ఈ బ్యాంకు మనిషైతే రోజూ సాయంత్రం మెస్సుకే వచ్చి, చాయ్ తాగి, డబ్బు కట్టించుకుని పోయేవాడు. వడ్డీ కూడా కాస్త ఎక్కువ. మా వెనక వీధిలో మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన రిటైర్మెంట్ సొమ్మంతా, ఎనిమిది లక్షలు, ఆ బ్యాంకులోనే. అత్తమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది. నిజానికి ఆ బ్యాంకులో వేయమని చెప్పింది కూడా ఆమే.

ఒకరోజు బయానా కోసం వెళ్తే బ్యాంకు తలుపుకు నోటీసు అంటించి ఉంది. ఇచ్చిన అప్పులు మునిగాయట. రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిందట. మనిషికి కొన్ని వేలే, అంతకు మించి తీసుకోవడానికి వీల్లేదు. నాకసలే ముక్కుమీద కోపం. కౌంటరు దగ్గర నేను చేసిన రభస గురించి ఉప్పల్‌లో చాలారోజులు చెప్పుకున్నారు. అత్తమ్మ మాత్రం గొంతు పెంచలేదు. బయట మెట్టు మీద కూర్చుంది. మర్నాడూ వంట ముగించి వచ్చి కూర్చుంది. ఆ తర్వాతా అంతే. ఒక్కొక్కరే ఆమె పక్కన చేరారు.

అలా ఉండగా ఒక లోకల్ చానల్ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. ఇంగ్లీషు మీడియం చదువులా ఉంది, తెలుగు కూడబలుక్కుంటోంది.

"బ్యాంకులో డబ్బుల పరిస్థితి ఏంటమ్మా?"

"నిండుకున్నయ్ బిడ్డా" అంది అత్తమ్మ, అలవాటు కొద్దీ.

సాయంత్రం టీవీలో కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి: "బ్యాంకు నిండా డబ్బే! అయినా ఇవ్వడం లేదంటున్న ఖాతాదారులు!"

మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మర్నాడు నవ్వు ఆగిపోయింది. డబ్బులు ఇక రావులే అని ఆశ వదులుకుని ఇళ్లలో కూర్చున్న వాళ్లంతా కాప్రా నుంచి, మల్లాపూర్ నుంచి ఆటోలు కట్టుకుని వచ్చేశారు. రోడ్డు నిండిపోయింది. పోలీసులొచ్చారు. అప్పటిదాకా ముఖం చూపని పెద్ద అధికారి ఒకాయన కిందికి దిగివచ్చాడు.

మంచి మనిషే. ఓపిగ్గా చెప్పాడు. డిపాజిట్‌కు బీమా ఉందట, కానీ లక్ష వరకేనట. ఆ లక్ష కూడా బ్యాంకును పూర్తిగా మూసేశాకే ఇస్తారట. ఆంక్షల్లో ఉన్నంతకాలం ఏమీ రాదు.

అత్తమ్మ లేచి నిలబడింది. "గదేంది సారూ? పానముండంగ మందియ్యరు, సచ్చినంక ఇస్తరా?"

"రూల్ అదేనమ్మా. పైకి రాస్తాను."

"రాయుండ్రి. మేం రేపు గూడ వస్తం."

వచ్చాం కూడా. వేరే రాష్ట్రాల్లోనూ ఇలాంటి బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి తలుపులు మూశాయి. అక్కడా జనం మాలాగే రోడ్ల మీద నిలబడ్డారు. టీవీలో వాళ్లను చూసి అత్తమ్మ "మనోళ్లే" అనేది, వాళ్ల భాష ఒక్క ముక్క తెలియకపోయినా. ఒక పెద్ద బ్యాంకు కూడా పడ్డాక ఢిల్లీలో కదలిక వచ్చింది. బీమా లక్ష నుంచి ఐదు లక్షలైంది. తర్వాత కరోనా వచ్చి మెస్సు కొన్ని నెలలు మూతపడింది. మల్గి కొంటామన్న సెల్‌ఫోన్ల వాళ్లు మళ్లీ కనబడలేదు. ఓనరు సణుక్కుంటూనే మాకోసం ఆగాడు. మూతికి గుడ్డ కట్టుకుని మళ్లీ అదే మెట్టు మీద కూర్చున్నాం. చివరికి ఇంకో చట్టం వచ్చింది. ఇక బ్యాంకు చచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆంక్షలు పెట్టిన తొంభై రోజుల్లో బీమా సొమ్ము చేతికివ్వాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అని దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. నిజమే, ఆలస్యమే. అయినా బావి తవ్వించాం కదా! ఇక ముందు కాలే ఇళ్లకు నీళ్లుంటాయి. సంక్షోభాలు ప్రభుత్వాలకు పాఠాలు నేర్పుతాయని టీవీలో పెద్దమనుషులు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. సంక్షోభం దానంతటది ఏమీ నేర్పదు. అడగందే అమ్మైనా పెట్టదు. వంటచెరకు పొగకు కళ్లు పాడైన ఒక ముసలామె రోజూ బస్సెక్కి వెళ్లి అడిగింది. అలాంటివాళ్లు దేశమంతా అడిగారు. మా అత్తమ్మను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి.

డబ్బు పడినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. అసలు, వడ్డీ, పైసాతో సహా. అత్తమ్మ నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఆ వారమే బయానా ఇచ్చాం. మిగతాదానికి నా గాజులు కుదువపెట్టి, కొంత అప్పు చేశాం. మల్గి మాదైంది. కొత్త బోర్డు కింద నిలబడి ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

మర్నాడు వంట కాగానే ఆమె కొంగు దులుపుకుని చెప్పులేసుకుంది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"బ్యాంకుకు."

"మన పైసలు మనకొచ్చినయ్ గదా!"

"అన్నకు ఐదే వచ్చినయ్. ఇంక మూడు రావాలె. ఆయన్ను ఆడ ఏయమన్నది నేనే గదా" అంది. గడప దాటి వెనక్కి తిరిగింది. "లక్షను ఐదు జేసిన్రు. ఐదుకాడనే ఎందుకు ఆగాలె? అడిగి సూద్దాం, రా."

స్టవ్ ఆపేసి ఆమె వెనకే నడిచాను.