తప్పు షీట్లలోంచి వచ్చిన చెక్కలు

2022. గుంటూరు శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతున్నాను. డ్రాయింగ్ టీచర్ అనగానే బ్రాడీపేటలో మా పక్కింటావిడ "పూలూ చెట్లూ వేయిస్తారా?" అని అడిగింది. కాదు. ఒక వస్తువును ముందు నుంచి చూస్తే ఫ్రంట్ వ్యూ, పైనుంచి చూస్తే టాప్ వ్యూ, పక్క నుంచి చూస్తే సైడ్ వ్యూ. ఈ మూడు బొమ్మలూ చూసి, ఎక్కడో వర్క్‌షాపులో ఉన్న మనిషి ఆ వస్తువును తయారు చేయగలగాలి. ఆ తర్వాత కంప్యూటర్ ల్యాబ్‌లో అదే వస్తువును సాలిడ్ మోడల్‌గా, అంటే తెర మీద అటూ ఇటూ తిప్పి చూడగలిగే నిండు ఆకారంగా కట్టిస్తాం.

నాకు కోపం ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అత్తగారు ఎవరినో అన్నట్టు నన్నే అంటూ ఉంటారు. అప్పుడు నవ్వేసేదాన్ని.

ఆ ఏడాది సువర్ణ అనే అమ్మాయి మెకానికల్‌లో చివరి కౌన్సెలింగ్‌లో సీటొచ్చి, నెల ఆలస్యంగా చేరింది. దర్శి దగ్గర ఒక పల్లె వాళ్లది. పోయిన పాఠాలన్నీ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఆ సంగతి నాకు తెలియదు. నేను అడగలేదు కూడా.

మన కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. అందులో టాప్ వ్యూ, ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. అమెరికాలో థర్డ్ యాంగిల్ వాడతారు, అందులో టాప్ వ్యూ పైనే ఉంటుంది. సువర్ణ చూసిన వీడియోలు ఆ రెండో రకానివి. టాప్ వ్యూ పైన కనపడగానే నేను ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఒకటి కాదు, ఐదు షీట్లు.

"ఎన్నిసార్లు చెప్పాలి? టాప్ వ్యూ కింద కదా రావాల్సింది!"

"వీడియోలో పైన వేశారండి మేడమ్..."

"అయితే వెళ్లి మార్కులు ఆ వీడియోనే వేయమను. బుర్ర లేనివాళ్లకి మెకానికల్ ఎందుకమ్మా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు రాలేదు.

రెండు వారాల తర్వాత వాళ్ల నాన్న ఏసోబు గారు కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు. ఆయనది వడ్రంగం. ఊళ్లో తలుపులు, చర్చికి బల్లలు చేస్తారట. చేతిలో టీసీ కోసం రాసిన అర్జీ, భుజాన ఒకప్పుడు మిరపకాయలు మోసిన పాత గోతం. గోతం దించేసరికి ఘాటుకు స్టాఫంతా తుమ్ములు.

"మా అమ్మాయి ఇంక చదవనంటోందండి. టీసీ తీసుకుని వెళ్లిపోతాం. వెళ్లే ముందు మిమ్మల్ని ఒక్కటి అడగాలి," అంటూ గోతంలోంచి ఐదు చెక్క దిమ్మలు తీసి నా బల్ల మీద పెట్టారు. మెట్లు, గాడులు, బెజ్జాలు ఉన్న దిమ్మలు. ఒక్కొక్క దాని పక్కన నేను కొట్టేసిన షీటు ఒకటి పరిచారు.

"బుర్ర లేదన్నారని ఏడుస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదండి. ఈ కాగితాలు చూసి వేప చెక్కతో నేనే చేశాను. పైన కనిపించేది పైన వేసింది, తేలిగ్గానే అర్థమైంది. సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చూడండి."

పాఠ్యపుస్తకం తీశాను. ఆయన ఆ పుస్తకం చూసిందే లేదు. పిల్లలు చూసి వ్యూలు గీసేది అందులోని బొమ్మలకే. వాటి పక్కన దిమ్మలు ఒక్కొక్కటే పెట్టి, స్కేలుతో కొలిచాను. ఐదూ సరిపోయాయి. ఒక్క బెజ్జం కూడా పక్కకు పోలేదు.

"తప్పు బొమ్మలోంచి సరైన చెక్క ఎట్టా వచ్చిందండి మేడమ్ గారూ?"

సిగ్గేసింది. అన్నేళ్లుగా పాఠం చెబుతూ, ఆ పిల్ల గీసిన గీత ఒక్కటి కూడా చూడకుండా, ఏ బొమ్మ ఎక్కడుందో మాత్రమే చూసి కొట్టేశాను.

ఇద్దరినీ ల్యాబ్‌కి తీసుకెళ్లాను. పక్కన కూర్చుని చెబుతుంటే సువర్ణ ఒక దిమ్మకు సాలిడ్ మోడల్ కట్టింది. దాని నుంచి మూడు వ్యూలు తీయించి, సెట్టింగుల్లో థర్డ్ యాంగిల్‌ని ఫస్ట్ యాంగిల్‌గా మార్చాను. టాప్ వ్యూ కిందికి దిగింది, సైడ్ వ్యూ ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చింది. మోడల్ మాత్రం ఉన్నచోటే ఉంది, దాని గీతల్లో ఏ మార్పూ లేదు.

"ఇంతేనా మేడమ్?"

"ఇంతేనమ్మా."

"ఇంతే అయితే ఆ రోజే చెప్పొచ్చు కదండీ!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"తప్పు నాదే తల్లీ, క్షమించు," అన్నాను. టీసీ అర్జీ చించేస్తారనుకున్నాను. ఏసోబు గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మీరు పెద్దవారు, ఆ మాటన్నారు, సంతోషం. కానీ అమ్మా, తిట్టింది అందరి ముందూ కదా."

మర్నాటి క్లాసు అయ్యేదాకా ఆగమని ఇద్దరినీ అడిగాను. ఆ రాత్రంతా అదే ఆలోచన. అరవై మంది ముందు ఇంత చిన్నబోతే రేపు నా మాట వింటారా అనిపించింది. కానీ ఆ అమ్మాయి అదే అరవై మంది ముందు రోజూ కూర్చోవాలి కదా. మర్నాడు సువర్ణ వెనక వరుసలో కూర్చుంది. వాళ్ల నాన్న వరండాలో నిలబడ్డారు. ఐదు షీట్లూ బోర్డుకు అంటించి చెప్పాను: "ఇవి సరైన డ్రాయింగులే. మన పరీక్షకు పద్ధతి మార్చుకుంటే చాలు. చూడకుండా కొట్టేశాను. బుర్ర లేదన్నాను, అది నా పొగరు. సువర్ణా, నన్ను క్షమించు."

ఎవరూ నవ్వలేదు. సువర్ణ తలెత్తి బయట ఉన్న నాన్న వైపు చూసి, వెళ్లిపొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన ఒక్కరే బస్సెక్కారు.

నేర్చుకున్నది చిన్న విషయమే. ఇప్పుడు ఎవరి షీటు దిద్దాలన్నా ముందు "దీన్ని ఎటు నుంచి చూశావు?" అని అడుగుతాను. కానీ ఆ రోజు సంగతి ఇంకొకటి ఉంది. గంట కొట్టాక, తిట్టు భయంతో ఏనాడూ నా బల్ల దగ్గరికి రాని పిల్లలు ఏడుగురు షీట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

"మేడమ్, మావి కూడా ఒకసారి చూస్తారా?"