నలుగురే ఎక్కిన వంతెన

చొక్కాలు కుట్టే కొట్లో వెనక గదిలో గుడ్డ కత్తిరించే పని ఆమెది. చేతిలో కత్తెర, నోట్లో అంతకన్నా పదునైన నాలుక. అందుకే వీధంతా ఆమెను కత్తెరమ్మ అంటుంది. పిలిస్తే పలుకుతుంది, పిలవకపోయినా పలుకుతుంది.

హైవే పడకముందు ఆమె అక్క ఇల్లు అదే వీధి చివర ఉండేది. గుమ్మంలోంచి కేకేస్తే వినబడేది. ఒకరోజు పుస్తకాలు పట్టుకుని ఇద్దరొచ్చి ఇళ్లు లెక్కపెట్టారు. మనవాళ్లు మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి మరీ లెక్క చెప్పారు. రాసుకున్న ఇళ్లన్నీ ఆరు నెలల్లో నేలమట్టమయ్యాయి. వీధి మధ్యనుంచి ఎనిమిది వరసల రోడ్డు పోయింది, అక్క అవతల మిగిలిపోయింది. అప్పట్నుంచి పుస్తకం పట్టుకున్న మనిషి కనబడితే చాలు, రెండు వైపులా తలుపులు పడతాయి.

దాటడానికి ఇనప వంతెన ఒకటి వేశారు. ఎక్కడానికి యాభై ఆరు మెట్లు, దిగడానికి యాభై ఆరు. అక్క మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. కాబట్టి రోజూ మధ్యాహ్నం కత్తెరమ్మే చొక్కాల మూట చంకన పెట్టుకుని దాటేది. చేత్తో కాజాలు కుట్టడంలో అక్క పెట్టింది పేరు. ఇద్దరూ కలిసి తిని, అందరి మీదా చాడీలు చెప్పుకుని, కడుపుబ్బ నవ్వుకునేవారు. గడప దాటలేని అక్కకి లోకమంటే ఆ గంటే.

ఒక సోమవారం పొద్దున్నే వంతెన దగ్గర ఇద్దరు కుర్చీలు వేసుకున్నారు. ఒళ్లో పుస్తకాలు. మెట్లెక్కిన ప్రతి మనిషికీ ఒక గీత గీస్తున్నారు. కత్తెరమ్మ చూసింది. కత్తెర కొట్లో పడేసి ఇంటింటికీ పరిగెత్తింది.

"వదినా, పుస్తకాలవాళ్లు మళ్లీ వచ్చారు! వంతెన ఎక్కావంటే రాసేసుకుంటారు. ఈసారి మిగిలిన ఇళ్లు కూడా ఊడ్చేస్తారు."

"మరి పిల్లల బడో?"

"నాలుగు రోజులు మానితే కొంపలేం మునగవు."

అవతలివాళ్లకీ ఫోన్లు చేసింది. అక్కకి మాత్రం, కంగారు పడుతుందని, తనకి జ్వరమొచ్చిందని చెప్పింది. ఆ తరవాత వంతెన మీద కాకులు తప్ప ఎవరూ తిరగలేదు. బుధవారం సాయంత్రం వాళ్లు కుర్చీలు మడుచుకుని పోతే, పీడ వదిలించానని ఆ పిచ్చిది మురిసిపోయింది కూడా.

నెల తిరిగేసరికి మెట్ల దగ్గర కాగితం అంటించారు. మూడు రోజుల్లో దాటింది నలుగురు, అవసరం లేని వంతెన తీసేస్తున్నాం అని. జనం ఆఫీసుకి పరిగెత్తారు.

"మేం రోజూ దాటతాం సార్!"

"మరి ఆ మూడు రోజులూ ఎక్కడికి పోయారమ్మా?" అన్నాడు ఆఫీసరు, పుస్తకం తిప్పి చూపిస్తూ.

గోడతో కూడా మాట్లాడే కత్తెరమ్మ అందరి వెనక్కీ జరిగింది. ఆ పై ఆదివారమే వంతెన విప్పేశారు.

ఇప్పుడు చుట్టూ తిరిగి రెండు బస్సులు మారితే అక్క ఇల్లు, పోను రెండు గంటలు. కొట్టు యజమాని కాజాల మిషను కొన్నాడు. కత్తెరమ్మకి నెలకోసారి వెళ్లడమే గగనమైంది. వెళ్లిన ప్రతిసారీ అక్క కాస్త చిక్కి కనబడుతోంది.

మొన్న వెళ్తే, అక్క ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరో వద్దని చెప్పబట్టే జనం వంతెన ఎక్కలేదటగా! ఎవరే వాళ్లు? వాళ్ల నోరు పడిపోను!"

 నేనేనని చెల్లెలు చెప్పేద్దామనుకుంది, చెప్పలేకపోయింది.

"పడిపోవాలక్కా," అంది.