తోకెత్తిన హంస

డెబ్భైల మొదట్లో, ఆరో తరగతి చదివే రోజుల్లో, చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో కాలవగట్టున కూర్చుని కనబడ్డదల్లా గీయడమే నా పని. రేవులో బట్టలుతికే మనిషి మోచేయి, గడ్డిమేటెక్కిన మేక, ఏదైనా సరే. అన్నిటికంటే బాతులంటే ప్రాణం. అంత దర్జాగా నడిచే బాతు తల నీళ్ళలో ముంచి, సిగ్గూ ఎగ్గూ లేకుండా తోక ఎత్తేస్తే నాకు పట్టరానంత సంతోషం కలిగేది.

కాగితాలకే కరువు. మా నాన్న చీరలు నేసేవాడు. అంచు డిజైను గళ్ళ కాగితం మీద వేసుకుని, దాన్నిబట్టి మగ్గం అట్టలకు చిల్లులు కొట్టేవాడు; ఆ చిల్లుల ప్రకారమే చీర మీద బొమ్మ పడేది. ఆ కాగితాల వెనకంతా నేను బాతులతో నింపేసేదాన్ని.

“ఇంకోసారి నా కాగితం ముట్టుకున్నావంటే పెన్సిలు పొయ్యిలో పెడతా. ఇక బొమ్మల్లేవు, గిమ్మల్లేవు,” అన్నాడు.

సరే, వెనకవైపు ముట్టుకోలేదు. ముందువైపు ముట్టుకున్నాను. కొత్త అంచులో నాలుగు హంసలు, ఫొటోకి నిలబడ్డట్టు మెడలు నిక్కించి ఉన్నాయి. నీళ్ళలో పక్షులు అలా ఉంటాయా? నాలుగోదాన్ని రబ్బరుతో చెరిపి, తల ముంచి తోకెత్తించాను. ఒక్కటే కదా అనుకున్నాను.

నాన్న కాగితం మీద స్కేలు పెట్టుకుని ఒక్కో వరసే చదివేవాడు. గళ్ళు లెక్కపెట్టే మనిషికి పక్షి కనబడదు. నేసేటప్పుడేమో చూపంతా తెగే పోగుల మీదే. మూరెడు నేశాక, కండెలు చుడుతున్న అమ్మ లేచొచ్చి చూసింది.

“ఏవండీ, ఈ హంసకేవైందండీ?”

ప్రతి నాలుగో హంసా తోకెత్తి ఉంది. నాన్న నావైపు తిరిగాడు. నేను పెన్సిలు జడలో దోపేసుకున్నాను. ఎలాగూ పోయేదే కదా అని మొండికేసి, “నువ్వెప్పుడన్నా హంసని చూశావా నాన్నా?” అని అడిగాను.

“మా నాన్న ఏసిందే నేనేస్తన్నా,” అన్నాడు. ఆ రోజంతా కూర్చుని, నేసిందంతా పోగు పోగూ విప్పాడు.

మర్నాడు పొద్దున్నే “పెన్సిలు తీసుకుని పద,” అన్నాడు. కాలవలో పారేయిస్తాడనుకుని పెన్సిలు గుప్పిట్లో బిగించి నడిచాను. గట్టున నా పక్కనే గొంతుక్కూచున్నాడు. బాతులొచ్చాయి. ఒకటి బుడుంగున తల ముంచింది. నాన్న భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

చొక్కా జేబులోంచి కొత్త గళ్ళ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

“నన్ను చూస్తావేంటే, అది మళ్ళీ తలెత్తేస్తది. తొందరగా గియ్యి.”