శాంతమ్మక్కను చూసి నేను పడ్డ కడుపుమంట

సహోదరులారా, సహోదరీలారా, ఇవాళ శాంతమ్మక్క జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆమె మంచితనమే చెబుతుంటే నాకు లోపల మండుతూనే ఉంది, మందిరంలో నిలబడి అబద్ధం ఆడలేను కాబట్టి చెప్పేస్తున్నాను! ఆమె నా తోడికోడలు, మా బావగారి భార్య. బావగారికి పక్షవాతం వచ్చి చెయ్యీ మాటా పడిపోతే, మట్టెవాడలో వాళ్లుండే ఆ ఒక్క గదిలోనే ఏళ్ల తరబడి ఆయనకు స్నానం చేయించి, గడ్డం గీసి, అన్నం కలిపి తినిపించి, ఆదివారమైతే తెల్లచొక్కా తొడిగి కూర్చోబెట్టేది. భార్య అంటే శాంతమ్మే అనేవాళ్లు అందరూ. మరి నేనెవర్ని?

నా ఇంట్లో అప్పుడు చీకటే. మా ఆయన దావీదు కాజీపేటలో రైలు పట్టాల గ్యాంగ్‌మన్, డ్యూటీ దిగితే నేరుగా సారా దుకాణానికే పోయేవాడు, తూలుతూ వచ్చి గిన్నెలు విసిరేవాడు. నేను వంటింట్లో మోకరించి "ప్రభువా, ఈయన తాగుడన్న మాన్పియ్యి, లేకుంటే నన్నన్న తీస్కపో" అని ఏడ్చేదాన్ని. జవాబు లేదు. అక్క ప్రార్థిస్తే మాత్రం జ్వరాలు దిగేవట! దేవుడికి కూడా ఆమె గొంతే వినిపిస్తుందా అని ఎంత కుళ్లుకున్నానో!

మన సంఘంలో ఆడవాళ్లం వంటకు బియ్యం తీసేటప్పుడు దేవునికని ఒక గుప్పెడు పక్కన పెట్టి ఆదివారం తెస్తాం కదా. అక్క సంచికంటే నా సంచి బరువుండాలని నేను పూటకు రెండు గుప్పెళ్లు, పంతం ముదిరాక మూడు తీసిపెట్టాను. అయినా మన పాస్టరు అయ్యగారు నా సంచి వైపు చూడలేదు, "శాంతమ్మా, ఇంటాయన ఎట్లున్నడమ్మా" అని ఆమెనే అడిగారు. చూశారా! తీరా నెలాఖరుకు మా డబ్బా ఖాళీ అయింది, తాగి వచ్చిన మనిషికి ఇంట్లో మెతుకు లేదు, అన్నం కోసం వాళ్ల వదిన ఇంటికే, ఆ శాంతమ్మక్క దగ్గరికే పోయాడు. నా చేతులతో నేనే పంపుకున్నాను!

అక్క పళ్లెం ఆయన చేతికిచ్చి, "ముందుగాల మీ అన్నకు తినిపియ్యి దావీదూ, నా చెయ్యి గుంజుతాంది" అన్నదట. ఈయన ముద్ద చేసి నోటి దగ్గర పెడితే బావగారు ఆ సారా వాసనకు మొహం తిప్పుకున్నారట. మర్నాడు ఈయన తాగకుండా పోయాడు, బావగారు నోరు తెరిచి తిన్నారు! అన్నకు తినిపించాలని తాగుడు మానిన మనిషి మళ్లీ ముట్టలేదు, దేవునికే మహిమ! అదిగో, మగవాళ్ల వైపు తల దించుకుని కూర్చున్నాడు.

నేను సంతోషించానా? లేదు! నా మొర ఆమె గడపలో నెరవేరిందని ఇంకా రగిలిపోయాను, పలకరింపు మానేశాను. ఏళ్లు గడిచి బావగారు పోయాక, ఆమె మునిమనవరాలిని చంకనెత్తుకుని మందిరానికి వస్తే దానికీ కుళ్లుకున్నాను.

చివరికి అక్క దవాఖానాలో పడితే లోకం కోసం చూడబోయాను. నా చెయ్యి పట్టుకుంది. "సుగుణా, కోపం జెయ్యకు చెల్లె. నిన్ను చూస్తే నాకు మస్తు కుళ్లుండె. తాగి అరిసినా నీ మొగడు నిన్ను పేరు పెట్టి పిలుస్తుండె. మా ఆయన పోయేదాక నా పేరు ఆయన నోట రాకపాయె. నాకు లేకపోయినా నీకన్న ఉండాలె అని, కుళ్లుకుంటనే నీ కాపురం కోసం రోజూ ప్రార్థన చేసిన" అంది.

సహోదరులారా, ఆమెకూ కుళ్లే, నాకూ కుళ్లే! ఆమె దాన్ని ప్రభువు దగ్గరికి తీసుకుపోయింది, నేను దాన్నే బియ్యం సంచిలో పోసుకున్నాను. ఇంటికి పోయేసరికి మా ఆయన వాకిట్లో నిలబడి "సుగుణా, ఇంతసేపాయె" అన్నాడు. నేను అక్కడే నిలబడి, ఇంకొకసారి పిలువమన్నాను.

నాకంటే ముందు ప్రభువును చూసిందని ఇప్పటికీ ఆమె మీద కడుపుమంటే! ఆమెను నాకు తోడికోడలిగా ఇచ్చిన దేవునికి స్తోత్రం. మీ ఇంట్లో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే గొంతు ఉంటే ఈ పూటే ప్రభువుకు వందనాలు చెప్పండి, లేదంటారా, ఆయనే పిలుస్తాడు, నమ్మి పలకండి!