మస్తాన్ గారు చెప్పని పని

1979లో నందిగామ బస్టాండు వెనక మేడగదిలో, సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాణ్ణి. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతిలో ఉంది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఏ పాఠమైనా నంబర్లు వేసి చెప్పడం నా పద్ధతి.

జగ్గయ్యపేట నుంచి వచ్చే మస్తాన్ గారు నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. వేదాద్రి దగ్గర కృష్ణ నీళ్ళు పొలాలకు ఎత్తిపోసే పంపుహౌసులో పదకొండేళ్ళుగా టెంపరరీ ఆపరేటరు. పర్మనెంటు పోస్టు ఒక్కటే పడింది. పోటీకి ఐటీఐ చదివినవాళ్ళు ముగ్గురు వస్తున్నారు. ఇంటర్వ్యూ చేసే ఇంజినీరుకు తెలుగు రాదు. పోస్టు వేరేవాళ్ళకు పోతే ఈయనకు ఉన్న పనీ పోతుంది.

"రోజూ ఏం చేస్తావని అడుగుతాడంట మాస్టారూ. చెయ్యమంటే కళ్ళు మూసుకుని చేస్తా. చెప్పమంటేనే చచ్చే చావు."

రోజూ చేసే పనికి సింపుల్ ప్రెజెంట్ వాడాలి. ఈ నిమిషంలో జరుగుతున్నదానికి ప్రెజెంట్ కంటిన్యువస్. ఆయన మాత్రం ప్రతిదానికీ "ఐయామ్ చెకింగ్, ఐయామ్ స్టార్టింగ్" అనేవారు.

"ఇప్పుడు మీరు నా బెంచీ మీద కూర్చున్నారు. మోటారు ఎక్కడ స్టార్ట్ చేస్తున్నారండీ?"

"మనసులో చేస్తన్నా మాస్టారూ!"

క్లాసంతా నవ్వింది.

నా డిప్లొమా పుస్తకం చూసి ఐదు పనులు రాసిచ్చాను. వోల్టేజి చూడటం, ప్రైమింగ్, అంటే పంపులో గాలి పోయేలా నీళ్ళు నింపడం, స్టార్టరు వెయ్యడం, వాల్వు తిప్పడం, లాగ్‌బుక్ రాయడం. వారం రోజులు బట్టీ పట్టారు. టెన్సు కుదిరింది కానీ, మూడోదాని దగ్గరకు రాగానే ప్రతిసారీ ఆగిపోయేవారు. మతిమరుపనుకున్నాను.

ఇంటర్వ్యూ ముందు ఆదివారం పంపుహౌసుకే వెళ్ళాను. "చేస్తూ చెప్పండి" అన్నాను.

"ఐ చెక్ ద వోల్టేజ్. ఐ ఫిల్ ద వాటర్." తడబాటే లేదు. స్టార్టరు దగ్గర మాట ఆగింది, చెయ్యి ఆగలేదు. పెట్టె తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టి, తెరిచి లోపల చూసి, మూసి, అప్పుడు హ్యాండిల్ వేశారు.

"అదేంటండీ?"

"ఏదీ?"

"ఇప్పుడు కొట్టారుగా."

"ఓ, అదా! వెచ్చగా ఉంటదని బల్లులు దూరతాయి. కరెంటు కలిసే కాంటాక్టుల మధ్యన బల్లి పడితే మూడు ఫేజుల్లో ఒకటి అందదు, మోటారు కాలిపోద్ది. అదీ ఒక పనేనా చెప్పుకోటానికి?"

పదకొండేళ్ళలో ఆ మోటారు ఒక్కసారీ కాలలేదు. నా పుస్తకంలో ఆ పని లేదు. నేను మతిమరుపనుకున్నచోట ఆయన మాట చేతి వంతు కోసం ఆగుతోంది. స్టార్టరును నాలుగుకు జరిపి, మూడో నంబరు కింద "ఐ నాక్ ట్వైస్" అని రాశాను. బల్లిని ఇంగ్లీషులో ఏమంటారని ఆయన అడిగితే లిజార్డ్ అని చెప్పాను.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం నేరుగా మేడ మీదికి వచ్చారు.

"నాక్ అనంగానే ఆ ఇంజినీరు 'వై?' అన్నాడు మాస్టారూ. అది మనం అనుకోలేదుగా!"

"మరేం చెప్పారు?"

నా బల్ల మీద రెండుసార్లు కొట్టారు. "లిజార్డ్ స్లీప్స్ ఇన్‌సైడ్. ఐ నాక్, లిజార్డ్ గోస్. మోటర్ లివ్స్."

పది రోజులకు ఆర్డరు ఆయన పేరునే వచ్చింది.

చెయ్యి అలవాటుపడ్డ పనిని మనిషి పనిగా లెక్కపెట్టడు, అడిగినా చెప్పడు. ఆ తర్వాత ఎవరికి సింపుల్ ప్రెజెంట్ మొదలుపెట్టినా, ముందు వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళి ఒక పూట నిలబడి చూసేవాణ్ణి. నంబర్లు వెయ్యడం తర్వాతే.