కారు వెనక పడవ చెక్క

మా బావ, అంటే నా భార్యకు అన్న, కొడవలూరు దగ్గర ఒక ఆసామికి కారు నడిపేవాడు. ఆ ఉద్యోగం పోగొట్టింది నేనే. ఈ మాట నోటితో చెప్పాల్సిన రోజున చెప్పలేదు కాబట్టి ఇన్నేళ్ళకు కాగితం మీద రాస్తున్నాను.

అరవైల మొదట్లో నాకు కావలిలో వడ్రంగం షెడ్డు ఉండేది. తలుపులు, మంచాలు, మా చర్చికి బెంచీలు చేసేవాణ్ణి. పని బాగా వస్తుందని గర్వం. చెడిన పనిని చెడిందని ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు.

ఆసామి మద్రాసులో కారుకు రేడియో పెట్టించుకున్నాడు. స్పీకరు ముందు, డ్రైవరు మోకాళ్ళ దగ్గర ఉంది. ఆయన కూర్చునేది వెనక. అద్దాలు దించితే గాలి హోరులో ఆయనకు ఒక్క ముక్క వినపడేది కాదు. "పాటలు నీకు, దుమ్ము నాకా?" అని బావను ఎగతాళి చేసేవాడట. స్పీకరు వెనక్కి మార్పించడానికి మళ్ళీ మద్రాసు పోదామంటే బావే ఆపాడు. "కావలిలో మా బావ ఉన్నాడు, ఆయన చేస్తాడు" అని నా సంగతి చెప్పాడు.

ఆసామి బంధువుల ఇంట పెళ్ళికి కావలి వచ్చి మూడు రోజులు ఉన్నాడు. ఆ మూడు రోజులూ కారు మా షెడ్డులో ఉంది. వెనక సీటుకూ వెనక అద్దానికీ మధ్య ఉన్న సందుమీద కంపెనీవాళ్ళు పలుచటి అట్ట వేసి వదిలేశారు. అది తీసి చెక్క బిగించి, దానికి గుండ్రంగా బెజ్జం కోసి, స్పీకరును కిందికి దించాలి. చెక్క కూడా ఆసామే పంపాడు. మంచి టేకు.

"జాగర్త బావా. వాళ్ళ నాయన ఇంటి గుమ్మాలకని తెప్పించిందంట. నా మాట మీద ఇచ్చినాడు. ఏదన్నా తేడా వస్తే నన్ను గడప తొక్కనీడు" అన్నాడు బావ.

"నాకు చెప్తా ఉండావా? పో, నీ చెల్లెల్ని బజారుకు తీసకపో. అడ్డం లేకపోతే పని తెములుద్ది" అన్నాను.

సిమెంటు సంచి కాగితం పరిచి కొలత తీశాను. చెక్క గీసినట్టు కూర్చుంది. నడిమధ్యన బెజ్జం కోశాను. స్పీకరు పెడితే దిగలేదు. కింద బాడీకి అడ్డంగా లావుపాటి ఇనుప పట్టీ ఉంది. స్పీకరు వెనకనున్న అయస్కాంతం దానిమీద కూర్చుంది. డిక్కీ తెరిచి ఒక్కసారి కిందినుంచి చెయ్యి పెట్టి చూసి ఉంటే తెలిసేది. పైకొలతలతోనే కోసేశాను. బెజ్జాన్ని నాలుగు వేళ్ళు వెనక్కి జరపాలి. జరపడానికి చెక్క మిగల్లేదు.

బావ వచ్చేలోగా ఆ టేకును పొట్టు బస్తాల వెనక దాచాను. "తప్పు కోశాను బావా, పద, ఆసామి కాళ్ళు పట్టుకుందాం" అంటే సరిపోయేది. ఆయన తిట్టేవాడు, తిట్టి ఇంకో చెక్క ఇచ్చేవాడు. మరునాడు పొద్దున్నే నేను సైకిలెక్కి జువ్వలదిన్నె పోయాను.

అక్కడ ఒడ్డున ఒక పాత పడవను విప్పుతున్నారని విన్నాను. ఆ పడవలకు మేకులుండవు. చెక్కల అంచుల్లో వరసగా బెజ్జాలు వేసి కొబ్బరి తాళ్ళతో కుడతారు. ఏళ్ళ తరబడి సముద్రంలో నానినా ఆ చెక్క వంగదు, పురుగు పట్టదు. నాకు కావలసినంత వెడల్పు పలక దొరికింది. ఇచ్చిన పెద్దాయన దేనికని అడిగాడు. కుర్చీకన్నాను.

"కుర్చీకైతే వద్దులేబ్బా. దీన్నిండా ఉప్పే. ఎంత ఎండబెట్టినా ముసురు పట్టిందంటే చెమ్మ కక్కతది. ఇనుము అసలు కొట్టబాక, తినేస్తది."

చెక్క సంగతి నాకు ఈయన చెప్పేదేమిటి అనుకున్నాను.

కుట్టు బెజ్జాల్లో బిరడాలు దిగగొట్టి, చిత్రిక పట్టి, ఈసారి డిక్కీ తెరిచి కింద చూసి మరీ బెజ్జం కోశాను. ఇనుప మరలతోనే బిగించాను. పైన ముదురెరుపు మఖమల్ గుడ్డ అంటించాను. టేకు కనపడకుండా గుడ్డెందుకని బావ అడిగితే, పాలిష్ అయితే ఎండకు అద్దంలో మెరిసి కళ్ళకు కొడుతుందన్నాను. నా తెలివికి మురిసిపోయాడు.

ఆసామి వెనక సీట్లో కూర్చున్నాడు. మెడ వెనకనుంచి వార్తలు వినపడేసరికి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "మీ బావ పనోడేరా" అన్నాడు. బావ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

వేసవి బాగానే గడిచింది. కార్తీకంలో ముసురు పట్టింది. ఒక ఆదివారం కావలి వచ్చిన బావ చర్చి బయట నన్ను పక్కకు పిలిచాడు. "పొద్దున్నే చూస్తే వెనక గుడ్డంతా తడిగా ఉంటా ఉంది బావా. అద్దం కారడంలా, కప్పు కారడంలా. ఏందిది?" నాకు వెంటనే తెలిసింది. "వానాకాలం గదా, గాలిలో చెమ్మ" అన్నాను. రోజూ తుడుస్తున్నాడట, పాత పేపర్లు పరుస్తున్నాడట. ఆ వారమంతా వాన చప్పుడు వింటూ, అక్కడ ఆ చెక్క చెమర్చడం నా కళ్ళకు కడుతుంటే షెడ్డులో ఊరికే కూర్చున్నాను. రంపం పట్టబుద్ధి కాలేదు.

స్పీకరు కాగితం ఉబ్బి, పాట జలుబు చేసినవాడి గొంతులా అయి, చివరకు గరగర తప్ప ఏమీ మిగల్లేదు. ఆసామి బావను వెంటబెట్టుకుని నా షెడ్డుకే వచ్చాడు.

"బండి కడిగేటప్పుడు లోపలికి నీళ్ళు కొట్టినాడు, కొట్టలేదని వాదిస్తా ఉండాడు. పనోడివి నువ్వు చెప్పవయ్యా. మా టేకు చెమ్మ కక్కుద్దా?"

"చుక్క పొయ్యలేదయ్యా, దేవుడి తోడు" అన్నాడు బావ. అని నావైపు చూశాడు.

"టేకు చెమ్మ కక్కదయ్యా" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. ఆసామి బావ ముఖం కూడా చూడకుండా, "నెలాఖరుకు తాళాలిచ్చి పో" అన్నాడు.

రెండు నెలలు చర్చిలో ప్రభువు బల్లలో నేను పాలు పుచ్చుకోలేదు. తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదంటారు. రొట్టె నా వరసకు వచ్చేసరికి దగ్గు వచ్చినట్టు బయటికి పోయేవాణ్ణి. నా భార్య కనిపెట్టి నిలదీస్తే చెప్పేశాను. ఆమె అరవలేదు. "నాకు చెప్తే మా అన్నకు పని వస్తదా? చెప్పాల్సినోళ్ళకు చెప్పిరాపో" అంది.

కొడవలూరు పోయాను. ఆసామి వసారాలో కూర్చుని అంతా విన్నాడు. "మరి ఆ రోజెందుకు నోరు మూసుకున్నావు?" అన్నాడు. మా బావను మళ్ళీ పనిలో పెట్టుకోమని చేతులు జోడించాను.

ఆయన వాకిట్లో కారు తుడుస్తున్న మనిషిని చూపించాడు. "మొన్ననే పెండ్లాం బిడ్డల్ని తెచ్చుకున్నాడు. ఇతన్ని పొమ్మనేదా? నువ్వే చెప్పు, పొమ్మంటా."

ఆ మనిషి తుడవడం ఆపి నన్నే చూస్తున్నాడు. పొమ్మనమని నేనెలా చెప్పను? చెప్పకుండా ఎలా వచ్చేది? ఆసామి లేచి లోపలికి పోయాడు.

అప్పటికి బావ ఒక లారీకి క్లీనరుగా పోతున్నాడు. స్టీరింగు పట్టిన మనిషి చక్రాలు కడుగుతున్నాడు. కావలి రోడ్డు పక్కన లారీ ఆగి ఉంటే పోయి, టేకు దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. తడి చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ విన్నాడు.

"అయితే నేను పొయ్యలేదన్నమాట" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు టేకు చెమ్మ కక్కదన్నావు గదా. నీ పని చెడదని నాకు తెలుసు. అందుకని నేనే యాడో పోసుంటాననుకున్నా బావా. బండి కడిగిన దినాలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటా ఉండా, ఏ దినం పోసినానా, ఎట్టా మర్చిపొయ్యినానా అని."

డ్రైవరు హారను కొట్టాడు. బావ బకెట్టు తీసుకుని లారీ వెనక్కి ఎక్కాడు.