ఆ పిల్ల హస్తవాసి

“నా అస్తవాసి మంచిది కాదు ఆయమ్మా. ఇంగ ఈ పని నాకొద్దు.”

“పోనీలే పాపా. అన్నీ మన చేతుల్లో ఉండాయా ఏంది.”

ఆ పిల్లా నేనూ చివరిగా మాట్లాడుకున్నది అంతే. ఆమె అన్నది నిజం కాదని నాకు తెలుసు. తెలిసే ఆ జవాబు చెప్పాను. అప్పటినుంచి మోస్తున్నాను. నెత్తిమీద కట్టెలమోపైతే దారిన పోయేవాళ్లను ఒక చెయ్యి వెయ్యమని దించుకోవచ్చు. దీన్ని దించమని ఎవరిని అడగను? అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మేలు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు సునంద రాస్తోంది.

భర్త పోయాక పావగడలో ఒక కాలేజీలో ఆయమ్మగా చేరాను. మైక్రోబయాలజీ ల్యాబు ఊడవడం, గాజు సామాను కడగడం నా పని. ఆ పిల్ల అక్కడ డిగ్రీ చదివేది. తిరుమణి నుంచి బస్సులో వచ్చేది. పేరు గంగ అని రాయమన్నాను, అసలు పేరు వేరే. మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని తినేది. ఊళ్లో శెనక్కాయ విత్తేటప్పుడు మొదటి గింజ ఆమె చేతే వేయించేవాళ్లట, పసితనం నుంచీ. తన హస్తవాసి అంత గొప్పదని నవ్వుతూ చెప్పేది. నవ్వినా, ఆ మాట చెప్పేటప్పుడు తన అరచేతిని తాను ఒకసారి చూసుకునేది. నేను గమనించాను.

ఒకరోజు పిల్లలందరూ గాజు ప్లేట్లలో గడ్డకట్టిన జావలాంటి దానిమీద వేళ్లు ఒత్తుతున్నారు. చేతులమీద కంటికి కనబడని క్రిములు ఎన్ని ఉన్నాయో చూసే పాఠం. గంగ నన్నూ పిలిచింది. నేను వెనక్కి జరిగాను. మా వైపు పెళ్లిలో పసుపు దంచడానికి నా చేయి పనికిరాదు. బిడ్డకు పురిటినీళ్లు పోసే రోజున నేను ముందు నిలబడను. అదే చెప్పాను. ఆమె వినలేదు. నా వేలు పట్టుకుని తానే ఒత్తించింది. రెండు రోజుల తర్వాత పిలిచి చూపించింది. పాఠం చెప్పే మేడమ్ వేలు పడినచోటా, తన వేలు పడినచోటా, నా వేలు పడినచోటా అవే తెల్లటి చుక్కలు. మూడింటికీ తేడా చెప్పమంది. నాకు తెలియలేదు. ఎవరి చేయి అయినా ఒకటే అని నాకు చూపించిన మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు ఇంటికి పోయి నా చేతుల్ని నేనే చాలాసేపు చూసుకున్నాను.

ఆ ఏడే వాళ్ల చేను సోలార్ కరెంటు పలకలు పెట్టేవాళ్లకు ఇచ్చేశారు. ఒక మూల మాత్రం శెనక్కాయ పైరు ఇంకా ఉంది. ఆ చెట్లను వేర్లతో సహా పీక్కొచ్చింది గంగ. వేర్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి కదా, వాటిలో ఉండే జీవాలను వేరుచేసి పెంచాలని. అవి గాలిలోంచి పైరుకు ఎరువు తెస్తాయట. పురుగులంటే మందు కొట్టాలి కదా పాపా అంటే, ఇవి కూలి అడగని కూలోళ్లు ఆయమ్మా అని నవ్వింది. చేను పోయినా చేనులోని ప్రాణం తన దగ్గర ఉంటుందని ఆశ. బుడిపెలన్నీ కడిగి, నలిపి, ఎర్రటి జావ పోసిన ప్లేట్లమీద సన్నటి తీగతో గీసింది. వాటిని వెచ్చటి పెట్టెలో పెట్టింది. మేడమ్ కూడా వచ్చి చూసి, చేయి బాగా తిరిగిందని మెచ్చుకుంది.

ఆ మరుసటి రోజే ఆయుధపూజ. ల్యాబంతా కడిగాను. సేవంతిపూలు గుచ్చాను. బొట్లు పెట్టే సమయానికి అటెండరమ్మ నన్ను కాస్త పక్కన నిలబడమంది. కోపంగా కాదు, మామూలుగానే. మైక్రోస్కోపులకు బొట్లు పెట్టారు, వెచ్చటి పెట్టెకు బొట్టు పెట్టారు. అందరూ బొరుగులూ మిఠాయీ తీసుకోవడానికి బయటికి పోయారు. తమలపాకులో కుంకుమ మిగిలింది.

నాకేమైంది? ఎవరి చేయి అయినా ఒకటే అని ఆ పిల్లే కదా చూపించింది. ఆమె ఇచ్చిన ధైర్యంతోనే పెట్టె తలుపు తీశాను. ఆమె బిడ్డల్లాంటివి అవి, చల్లగా పెరగాలి అనుకున్నాను. మూతమీద పెడితే చెరిగిపోతుందని మూత ఎత్తి లోపల, అంచున, వేలితో ఇంత కుంకుమ అద్దాను. జావా ఎరుపే, కుంకుమా ఎరుపే, ఎవరికీ కనబడదు. ఒక బిడ్డకు పెట్టి ఇంకో బిడ్డకు మానేస్తారా? అన్నిటికీ పెట్టాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా చేత్తో ఒకరికి బొట్టు పెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిజం, దాచను.

సెలవులయ్యాక పెట్టె తీశారు. ప్లేట్ల నిండా బూడిదరంగు బూజు, దూదిలాగా. సరిగ్గా నేను వేలు పెట్టిన అంచునుంచే పాకింది. మేడమ్ గట్టిగా తిట్టలేదు. చేయి శుభ్రంగా లేకపోతే ఇలాగే అవుతుందని మాత్రం అంది. గంగ ఊరికి పరుగెత్తింది, మళ్లీ వేర్లు తెచ్చుకుందామని. అప్పటికే ఆ మూలనూ బుల్డోజరు చదును చేసేసింది. తిరిగొచ్చి గుమ్మం దగ్గర నా పక్కన కూలబడి అన్న మాటే పైన మొదట రాయించాను.

నేను ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా? పోదు, నాకు తెలుసు. మొగుడు పోయిందాని చెయ్యి పడింది, అందుకే ఇట్లయింది అంటారని. ఆ మాట ఇంకోసారి వినలేక, తన చేయి చెడ్డదని ఒక పిల్ల నమ్ముతుంటే నమ్మనిచ్చాను. నా చేయి చెడ్డది కాదని చూపించిన పిల్లను.

పరీక్షలు రాసి వెళ్లిపోయింది. పైచదువు ఆశ వదులుకుంది. మడకశిర వైపు ఇచ్చారు. వాళ్లమ్మ సంతలో కనబడితే అడిగాను. బాగుందట. పాలు మాత్రం తోడు వేయదట. నా చెయ్యి మంచిది కాదు, మీరే వేయండి అని అత్తకు ఇస్తుందట. వాళ్లమ్మ దాన్ని తమాషాగా చెప్పింది. నేను కూరగాయల సంచి అక్కడే మరిచిపోయి వచ్చేశాను.

సునంద ఇప్పుడే రాయడం ఆపి ఒక మాట అంది. ముత్తైదువ పెట్టినా ఆ కుంకుమకు బూజు వచ్చేదే అత్తా, అని. అది విన్నాక నా చేయి గురించిన దిగులు కొంత తగ్గింది. నోటి గురించినది తగ్గలేదు. మడకశిర ఎంత దూరం, బస్సెక్కితే పోవచ్చు. పోలేదు. పోతానని కూడా మీకు మాట ఇవ్వను, అబద్ధం ఒకటి చాలు. కానీ ఇదంతా పైకి అన్నాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది.

ఏదీ సునందా, రాసింది చదువు తల్లీ, మెల్లగా. ‘తెలియక’ అనే మాట కుంకుమ పెట్టినచోట ఉంటే ఉండనీ. నోరు మూసుకున్నచోట ఉంటే మాత్రం కొట్టేసి, మళ్లీ చదివి వినిపించు.